నార్మల్ అని రాసింది నేనే

జూన్ 10, మంగళవారం

వదినె ఇవాళ నోరు తెరిచి అడిగేసింది. రెండు నెలలుగా అడగకుండానే అడుగుతోంది. ఇవాళ వికారాబాద్ దవాఖానలో, డయాలసిస్ గది బయట బెంచీ మీద, నా చెయ్యి పట్టుకుని — "మన ఇంట్ల కిడ్నీ ఇచ్చేటోళ్లు ఎవరున్నరు విజయా, నువ్వు తప్ప?"

లోపల అన్న. చేతికి రెండు గొట్టాలు. కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోవడం లేదు. నాకు తెలుసు.

నా గ్రూపు, అన్న గ్రూపు ఒకటే. వదినెకు షుగర్. ఇద్దరు కొడుకులున్నారు, ఒకడికి ఇరవై ఆరు, ఒకడికి ఇరవై మూడు. వాళ్ల ఊసు ఎత్తలేదు. "పెండ్లిగాని పోరగాండ్లు" అట. నాకు పెళ్లయింది, ఒక బిడ్డను కన్నాను, నలభై తొమ్మిదేళ్లు వచ్చాయి. ఇక ఈ ఒంటితో పనేముంది అనుకున్నారేమో.

"చూద్దాం వదినె" అన్నాను. ఆమె దాన్ని సరే అని విన్నది.

జూన్ 11, బుధవారం

ల్యాబ్‌లో పాత రిజిస్టర్లు దించాను. ఎవరూ దించమనలేదు.

తాండూరులో ఈ ఒక్క ల్యాబ్‌లోనే పంతొమ్మిదేళ్లు నావి. అన్న పేరు మొదటిసారి తొమ్మిదేళ్ల కిందట. బొటనవేలు వాచి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు. యూరిక్ యాసిడ్ 9.6, క్రియాటినిన్ 1.0. మరుసటి ఏడు 10.2, 1.1. ఆ పైఏడు 9.9, 1.1. ప్రతిసారీ నా రాత, నా సంతకం. క్రియాటినిన్ ఎదురుగా ఒకటే మాట — నార్మల్.

ఫోన్ చేసి మరీ చెప్పేదాన్ని. "కిడ్నీలు మంచిగున్నయ్ అన్నా, ఫికర్ చెయ్యకు."

చెయ్యలేదు. బండల దుకాణంలో పొద్దంతా నిలబడాలి. నొప్పి లేస్తే మందుల షాపులో గోలీ, ఇంకా లేస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది. యాసిడ్ తగ్గడానికి రోజూ వేసుకోమని ఒక డాక్టరు మందు రాశాడు, నెల వాడి మానేశాడు. ఎందుకు వాడతాడు? చెల్లె మంచిగున్నయ్ అన్నది కదా.

తర్వాత మూడేళ్లు పరీక్షకే రాలేదు. వచ్చిన రోజు, ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ 4.8. మిషన్ పాడైందనుకుని రెండోసారి పెట్టాను.

జూన్ 12, గురువారం

వాన లేదు. కంది విత్తనాలు కొన్నవాళ్లంతా బజారులో నిలబడి పైకి చూస్తున్నారు.

జూన్ 16, సోమవారం

హైదరాబాద్ ఆసుపత్రి వాళ్లు ఒక జాబితా పంపారు. కిడ్నీ ఇచ్చేవాళ్లకు మొదట చేయాల్సిన పరీక్షలు. సగం మా దగ్గరే అవుతాయి. పక్క బల్ల అమ్మాయి రక్తం తీసింది. నేనే పెట్టాను.

యూరిక్ యాసిడ్ 8.4. ఆడవాళ్లకు ఆరు దాటొద్దు.

మళ్లీ పెట్టాను. 8.3.

రిపోర్టు కోసం సేడం వైపు నుంచి వచ్చిన ముసలామె కౌంటరు అవతలి నుంచి నా మొహం చూసి కన్నడంలో "ఏనాయ్తవ్వా?" అంది. ఏమీ కాలేదన్నాను. ఊరి రక్తమంతా చూశాను ఇన్నేళ్లు. నాది చూసుకోవాలని ఒక్కరోజు తోచలేదు.

మా ల్యాబ్ సారు కాగితం చూసి నవ్వాడు. "నొప్పి గిట్ల ఉన్నదా? లేదు గదా. క్రియాటినిన్ 0.8 ఉన్నది. మంచిగనే ఉన్నవ్ పో."

అందరికీ నేను చెప్పే మాట. ఎదురు కూర్చుని వింటే ఎంత తేలిగ్గా ఉంటుందో... ఎంత బోలుగా కూడా.

జూన్ 19, గురువారం

వికారాబాద్. డయాలసిస్ వార్డులో ఒక చిన్న డాక్టరమ్మ, నిఖత్. ఇంకా చదువుతోంది. వార్డులో ఉన్నవాళ్ల అన్నదమ్ములను, పిల్లలను ఒక్కొక్కరినే అడుగుతోంది, మీలో ఎవరికైనా యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉందా అని. నేను ఉన్నదన్నాను. క్రియాటినిన్? నార్మల్. ఆ పిల్ల కళ్లు మెరిశాయి.

"సరిగ్గా మీలాంటి వాళ్లే కావాలి అక్కా."

ఎమ్మారై తీస్తారట. సూది లేదు, రంగు మందు లేదు, కోత లేదు. కిడ్నీలో ఆక్సిజన్ ఎంతుంది, నీరు ఎంత సులువుగా కదులుతోంది — అది చూస్తారట. "రక్తంలో తేడా కనబడేసరికి కిడ్నీ సగం పోయి ఉంటుంది. అంతకన్నా ముందు పట్టుకోవచ్చా అని మా చదువు."

సగం పోయి ఉంటుంది. నాకు తెలియని మాట కాదు. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్నే. అన్నకు ఫోన్ చేసినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

పేరు రాయించుకున్నాను.

జూన్ 24, మంగళవారం

హైదరాబాద్ వెళ్లి రావడం. మళ్లీ రక్తం, మూత్రం, సీటీ. అన్నీ బాగున్నాయన్నారు. యూరిక్ యాసిడ్‌కు గోలీ రాశారు, మాంసం తగ్గించమన్నారు. దాతగా పనికొస్తుంది అన్నారు. నా ముందే, నేను అక్కడ లేనట్టు.

తిరుగు రైల్లో వదినె నాకు కిటికీ పక్క సీటిచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి.

జూన్ 28, శనివారం

స్కాన్ అయింది. మెట్టెలు, పుస్తెలతాడు, గాజులు అన్నీ తీసి ఒక ట్రేలో. బోసి మెడతో ఆ గొట్టంలోకి. చప్పుడు... పాలిషింగ్ యూనిట్‌లో బండ కోసే బ్లేడు చప్పుడే, తలలోపల. "ఊపిరి బిగబట్టండి అక్కా... వదలండి... బిగబట్టండి." నలభై నిమిషాలు. నొప్పి లేదు, ఏమీ లేదు. లోపల ఏం చూస్తున్నారో తెలియకుండా పడుకోవడమే.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

జులై 1, మంగళవారం

అన్న దగ్గర కూర్చున్నాను. నీళ్లు కొలిచి తాగుతాడు, చిన్న గ్లాసుతో. ఈ ఎండకు పెదవులు పగిలిపోయాయి. "మామిడిపండు ఒకటి తినబుద్దైతున్నది చెల్లె" అన్నాడు. పొటాషియం. వద్దన్నాను. నర్సు కూడా వద్దన్నది. అన్న తల ఊపాడు, బడిలో పిల్లవాడిలా.

ఇదే మనిషి నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బంట్వారం నుంచి అంత దూరం పదో తరగతి పరీక్షకు తీసుకెళ్లాడు. ఎందుకు గుర్తొస్తుందో ఇప్పుడే.

జులై 4, శుక్రవారం

డాక్టర్ నిఖత్ పిలిచింది. సెలవు పెట్టి వెళ్లాను.

కంప్యూటర్‌లో రెండు కిడ్నీలు, రంగుల్లో. పక్కన ఇంకెవరివో రెండు, నా వయసు ఆరోగ్యవంతురాలివి. ఆమెవి లోపలిదాకా నీలం. నావి లోపల ఎరుపు, అంచుల్లో పసుపు. చదువు రానివాళ్లు కూడా తేడా చెప్పగలరు.

"ఆక్సిజన్ తక్కువగా అందుతోంది. నీటి కదలిక కూడా ఉండాల్సినంత లేదు. మొదటి దశ అయి ఉండొచ్చు."

"అయి ఉండొచ్చా, అయిందా?"

"ఇది రిపోర్టు కాదు అక్కా. ఒక్క మనిషి బొమ్మ చూసి ఖాయంగా చెప్పే దశకు మేమింకా రాలేదు. మీరు కిడ్నీ ఇస్తున్నారని తెలిసి చూపించకుండా ఉండలేకపోయాను. మా సార్‌ను అడిగే పిలిచాను."

"ఒకటి తీసేస్తే, మిగిలింది ఆగుతుందా?"

"తెలియదు. ఎవరికీ తెలియదు ఇంకా."

హైదరాబాద్ డాక్టర్లకు ఒక ఉత్తరం రాసిచ్చింది. ఇంగ్లీషులో, ఆరు లైన్లు. ఇది కూడా పరిశీలించగలరు అని.

నేను ఇన్నేళ్లు ఏమీ తెలియకుండానే ఖాయంగా రాశాను. ఈ పిల్ల తెలిసి కూడా ఖాయంగా రాయనంటోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

జులై 6, ఆదివారం

అన్న ఇంట్లో భోజనం. వదినె బోటి కూర వండింది. "తిను, నీకు బలం రావాలె." యూరిక్ యాసిడ్ ఉన్నదానికి మేక పేగుల కూర. తినలేదు. అప్పుడే చెప్పాల్సి వచ్చింది.

చెప్పాను. అన్న గోడకానుకుని విన్నాడు. మా ఆయన చేతులు కడుక్కుంటూ విన్నాడు. వదినె గరిటె కింద పెట్టింది.

"ఎన్నడు తీపిచ్చుకున్నవ్ గా ఫొటో?"

"వారం కిందట, శనివారం."

"మాకు చెప్పకుంటనా?"

ఉత్తరం చూపించాను. తిప్పి తిప్పి చూసింది. "గింత కాగితమా? హైదరాబాద్‌ల అంత పెద్ద డాక్టర్లకు కనబడంది గీ చదువుకునే పోరికి కనబడ్డదా? ఇయ్యబుద్ది కాకుంటే ఇయ్యనని చెప్పు విజయా. మిషన్ల మీద పెట్టకు."

అన్న ఒక్క మాట మాట్లాడలేదు. నేను లేచాను. ఎవరూ ఆగమనలేదు.

బస్సులో మా ఆయన నా చెవి దగ్గరికి వంగి మెల్లగా — "మంచిగ చేసినవ్. నేను గూడ ఎట్ల తప్పించాల్నా అని చూస్తున్న. మంచి సాకు దొరికింది."

అభినందిస్తున్నాడు. పాతికేళ్లు కాపురం చేసినవాడు.

జులై 7, సోమవారం

ఆయనకు బొమ్మ వివరించబోయాను. "అవునవును, ఎవరన్న అడిగితే నేను గూడ గట్లనే చెప్త" అన్నాడు.

జులై 9, బుధవారం

నిజం రాసుకోవాలి, ఇక్కడైనా.

ఆ స్కాన్‌కు ఎందుకు పోయాను? తెలుసుకోవాలనా? ఏదో ఒకటి దొరుకుతుందనా? గొట్టంలో ఊపిరి బిగబట్టినప్పుడు ఏం కోరుకున్నాను? బాగుండాలనా, బాగుండొద్దనా?

ఎరుపు చూడగానే మొదట భయమేసింది. ఆ తర్వాత, ఒక్క క్షణం... తేలికైంది. అది కూడా నేనే.

వదినె అన్నది పూర్తిగా తప్పు కాదు. అందుకే ఆమెను క్షమించలేను.

జులై 10, గురువారం

శ్రావణికి కూడా యూరిక్ యాసిడ్ చూశాను, కాలేజీ నుంచి రాగానే. 4.5. బిడ్డకు లేదు. "ఏందమ్మా, ఏడుస్తున్నవా?" అంది. స్పిరిట్ కళ్లలో పడిందన్నాను.

జులై 15, మంగళవారం

హైదరాబాద్ డాక్టరు ఉత్తరం చదివాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మా నియమాల్లో ఈ స్కాన్‌కు చోటు లేదమ్మా. మిగతా అన్నీ బాగున్నాయి. యాసిడ్ మందుతో తగ్గుతుంది. మీకు అనుమానం ఉంటే మాత్రం మేం తీసుకోం. మీ ఇష్టం."

వదినె బయటికి వచ్చాక అదే మాట. మీ ఇష్టం అన్నడు గదా, ఇగ నీ ఇష్టం.

మా ఆయన ఫోన్‌లో. నీ ఇష్టం.

నా ఇష్టాన్ని ఇంతమంది ఎప్పుడూ అడగలేదు.

జులై 17, గురువారం

వికారాబాద్ వెళ్లలేదు.

జులై 19, శనివారం

వెళ్లాను. వదినె టిఫిన్‌కు బయటికి పోయినప్పుడు అన్న కళ్లు తెరిచాడు.

"చెల్లె, కోపమొచ్చిందా?"

"ఎవరి మీద?"

"నా మీద. ఆ ఆదివారం నోరు మెదపలె గదా."

మిషన్ తిరుగుతోంది. అన్న దాన్నే చూస్తూ అన్నాడు — "నువ్వు మంచిగున్నయ్ అన్ననాడు నమ్మిన. గిప్పుడు మంచిగ లేవంటున్నవ్. గిది గూడ నమ్ముతున్న."

నెత్తి మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. తిట్టడానికి అనలేదు. అన్నకు ఎత్తిపొడుపు రాదు. మామూలుగా, ఎండ ఎక్కువున్నది అన్నట్టు అన్నాడు.

"అన్నా, నేను అప్పుడే..."

"నువ్వేం చేస్తవ్. గోలీ నేను మింగిన. డాక్టరు రోజు వేసుకోమన్నది నేను వేసుకోలె. నువ్వు ల్యాబ్‌ల కాగితం రాసినవ్."

తర్వాత గొంతు తగ్గించి — "నా పోరగాండ్లకు గూడ చూస్తవా? మీ వదినెకు తెల్వకుంట."

జులై 23, బుధవారం

పెద్దవాడు మహేశ్ తాండూరు వచ్చాడు, బండల లోడు చూడాలన్న వంకతో. రక్తమిచ్చి, చాయ్ తాగి పోయాడు. యూరిక్ యాసిడ్ 9.3. క్రియాటినిన్ 0.9. వాడికి ఏ నొప్పీ లేదు. జిమ్‌కు పోతాడు, రోజూ కోడి తింటాడు.

రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. క్రియాటినిన్ ఎదురుగా ఆ మాట రాయాలి. రాయకపోతే తప్పు, రాస్తే అబద్ధం కాదు. రాశాను. వాడికి మాత్రం ఫోన్‌లో వేరేగా చెప్పాను. వికారాబాద్‌లో నిఖత్ మేడమ్‌ను కలువు, ఈ వారమే, నొప్పి వచ్చేదాకా ఆగకు.

వెంట వచ్చిన చిన్నవాడిది మామూలే.

జులై 26, శనివారం

వదినె ల్యాబ్‌కు వచ్చింది. ఇన్నేళ్లలో ఈ గడప తొక్కలేదు. కొడుకు చెప్పేసినట్టున్నాడు.

జనం ఉన్నారు. పక్కగదిలోకి తీసుకెళ్లాను. కూర్చోలేదు.

"మహేశ్‌కు సంబంధం నడుస్తున్నది. గీ రిపోర్టు బయటికి రావొద్దు."

"నేనెవరికి చెప్త వదినె?"

"ఏమో. ఇన్నొద్దులు నాకు చెప్పలేదు గదా." తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "గా డాక్టరమ్మ దగ్గరికి నువ్వే తోలుకపోవాలె వాణ్ని. నీకైతే జర తెలుసు. కిడ్నీలను మంచిగ చూస్తదంట గదా గా మిషన్."

మూడు వారాల కిందట చదువుకునే పోరి. ఇవాళ డాక్టరమ్మ.

తీసుకెళ్తానన్నాను. వాడేం చేశాడు పాపం.

జులై 31, గురువారం

మహేశ్ స్కాన్ అయింది. గొట్టంలోంచి వచ్చి "అత్తమ్మా, లోపల భయమైంది" అన్నాడు. ఆరడుగుల మనిషి. తల నిమిరాను.

ఆగస్టు 5, మంగళవారం

మహేశ్ బొమ్మ నీలం. ఇప్పటికైతే ఏమీ కనబడటం లేదంది నిఖత్. మందు మొదలుపెట్టాలి, నొప్పి గోలీలు ముట్టొద్దు, నీళ్లు బాగా తాగాలి, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. "మీరు ముందుగా పంపారు అక్కా" అంది నాతో. తొమ్మిదేళ్లు ఆలస్యంగా.

వదినె వార్డు బయట నిఖత్ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వెళ్లాక నా వైపు తిరిగి — "బరాబర్ చెప్పింది. మంచి మిషన్."

"మరి నాది?"

"నీది వేరే సంగతి."

అంతే అన్నది. బ్యాగు భుజానికి వేసుకుని లోపలికి పోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. అరవాలనిపించింది, ఆ బెంచీలూ జనమూ అదిరేటట్టు. రైలు వేళైందని వచ్చేశాను.

ఆగస్టు 7, గురువారం

పొద్దున ఫోన్. అన్నకు ఊపిరి అందడం లేదు, ఊపిరితిత్తుల్లో నీరు. నేను వెళ్లేసరికి అనుకున్న వేళ కన్నా ముందే డయాలసిస్ మీద పెట్టారు. మొహమంతా వాచి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు.

వదినె తిట్టలేదు, అడగలేదు. గోడవైపు తిరిగి ఏడుస్తోంది. భుజం మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. నా వైపు తిరగనూ లేదు.

ఆగస్టు 8, శుక్రవారం

కొంచెం నయం. ఆక్సిజన్ తీసేశారు.

ఆగస్టు 9, శనివారం

పనిలో ఉండగా హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఫోన్. దాతల వ్యవహారాలు చూసే అమ్మాయి.

"విజయగారా? మీ అన్నయ్యగారు నిన్న ఫోన్ చేశారు. దాతగా మీ పేరు తీసేయమన్నారు. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీ కోసం జాబితాలో పెట్టమన్నారు."

ఆక్సిజన్ తీసేసిన రోజు చేసిన మొదటి ఫోన్ అదేనేమో.

"ఆ జాబితాలో ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేమండీ. ఏళ్లు పట్టొచ్చు. మీ అన్నయ్యగారి పరిస్థితి చూస్తే..." ఆగిపోయింది. "మీరు కూడా సరే అంటే పేరు తీసేస్తాను. ఒక్క మాట చెప్పండి చాలు."

చేతిలో ఎవరిదో రక్తం ట్యూబు. సోమవారం చెప్తానన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

అన్నకు ఫోన్ చేశాను. ఎందుకు చేసినవ్ అని అడిగాను. "దేని సంగతి?" అన్నాడు. తెలియనట్టు. తర్వాత వాన పడుతున్నదా తాండూరులో అని అడిగాడు. పడుతున్నదన్నాను.

వదినెకు ఈ విషయం తెలియదు. తెలిస్తే నేనే చేయించానంటుంది. మా ఆయనకు చెప్తే సంతోషిస్తాడు. అందుకే చెప్పలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఆ అమ్మాయి ఫోన్ మోగింది. ఎత్తలేదు.

ఆగస్టు 12, మంగళవారం

రెండుసార్లు మోగింది. రెండోసారి ఎత్తాను. "చెప్పండి విజయగారూ" అంది.

సరే అనడానికి నోరు రాలేదు. వద్దు, నా పేరు ఉంచండి అనడానికీ రాలేదు. అవతల ఆ అమ్మాయి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. "లైన్‌లో ఉన్నారా అమ్మా?" అంది.

ఉన్నాను అన్నాను.